రెండవ పుట్టుక, మఱుజన్మము: కతోలిక మతమున ఆత్మయు జ్ఞానస్నానమును

ద్విజశబ్దమునకు మన నిఘంటువులు ముఖ్యముగా మూడర్థములు చెప్పుచున్నవి: పక్షి, దంతము, ఉపనయనమైనవాడు. పక్షి గ్రుడ్డుగా ఒకమాఱు పుట్టి, గ్రుడ్డు పగిలి పిల్లగా మఱియొకమాఱు పుట్టును. పాలపన్ను ఊడి అదే చోట గట్టిపన్ను మొలచును. వటువు తల్లి కడుపున ఒకమాఱును, మంత్రోపదేశమున మఱియొకమాఱును జన్మించునని శాస్త్రకారులు భావించిరి. ఈ మూటియందును పుట్టుకలు రెండే గాని, ఒక దేహమును విడిచి వేఱొక దేహమున ప్రవేశించుట లేదు. పునర్జన్మము దీనికి భిన్నమైనది. అందు చావు నడుమ నుండును, కర్మము వెంట వచ్చును, జన్మముల లెక్క సులభముగా తెగదు. కతోలిక క్రైస్తవులు జ్ఞానస్నానమువలన మనుష్యుడు తిరిగి పుట్టునని చెప్పునప్పుడు వారి భావము ద్విజశబ్దపు జాతికి చేరినదే గాని పునర్జన్మశబ్దపు జాతికి చేరినది కాదు. ఈ ఒక్క భేదమును పట్టుకొనినచో వారి ఆత్మసిద్ధాంతమంతయు విడివడును. పట్టుకొనకున్నచో అడుగడుగున అపార్థమే కలుగును.

తమిళ, కన్నడ, మహారాష్ట్ర దేశములందు తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ అపార్థము కలుగుటకు మఱియొక కారణమును కలదు. ఒకే సంస్కారమునకు ఒక్కొక్క భాషయందు ఒక్కొక్క పేరు వినబడుచుండును. తెలుగు కతోలికులు జ్ఞానస్నానము అందురు. తెలుగు ప్రొటెస్టెంటులు గ్రీకు మాటనే తెలుగు చేసి బాప్తిస్మము అందురు. తమిళ కతోలికులు పూర్వము జ్ఞానస్నానమనియే వ్యవహరించి, ఇటీవలి దశాబ్దములలో తిరుముళుక్కు అను అచ్చతమిళ పదమునకు మాఱిరి. కన్నడమున దీక్షాస్నానము అను మాట కలదు. మరాఠీలో స్నానసంస్కారమని వాడుక. గ్రీకు మూలపదమునకు ముంచుట యని మాత్రమే అర్థము. దానికి జ్ఞానము, దీక్ష, సంస్కారము అను విశేషణములు మన దేశభాషలు చేర్చినవి. ఏ నీటిలో ముంచినను స్నానమే యగును గదా, ఈ స్నానమునకు గల ప్రత్యేకత యేమి యను ప్రశ్నకు ఒక్కొక్క భాష తన సమాధానమును పేరులోనే యిమిడ్చినది.

జ్ఞానస్నానమను పేరు వెనుక నొక చరిత్ర యున్నది. 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఆశ్రయమున దక్షిణతీరమందు మతము వ్యాపించిన కాలమున, స్నానము గోరి వచ్చినవారిని నీవు పరంగి కులమున చేరగోరుచున్నావా యని దుబాసీలు అడుగుచుండిరట. ఆధ్యాత్మికమైన పుట్టుకను గూర్చిన ప్రశ్న కులము మార్పును గూర్చిన ప్రశ్నగా తేలినది. 1606లో మధురకు వచ్చిన ఇటలీదేశపు జెసూయిట్ గురువు రాబర్టో ది నొబిలి దీనిని గట్టిగా ఖండించెను. నాడు మధురను ఏలుచున్నవారు తెలుగు నాయకరాజులు. ది నొబిలి తమిళ సంస్కృతములతోపాటు తెలుగును నేర్చెను. పుట్టిన కులమును, దేశాచారమును విడువకయే క్రైస్తవుడగుట సాధ్యమని ఆయన వాదము. తోటి గురువులే దానిని ఎదిరింపగా వివాదము రోమునగరము వఱకు పోయినది. తుదకు 15వ గ్రెగరీ పోపుగారు 1623లో యజ్ఞోపవీతము, శిఖ మొదలగు చిహ్నములను నియమములకు లోబడి ధరింపవచ్చునని ఆజ్ఞ యిచ్చిరి. ది నొబిలి పేర నున్న తమిళ గ్రంథములలో ఆత్మనిర్ణయము, పునర్జన్మాక్షేపము అను రెండును కలవు. ఆత్మను గూర్చి యొకటి, పునర్జన్మమును గూర్చి వేఱొకటి వ్రాయవలసివచ్చుటను బట్టియే ఆనాటి శ్రోతల సందేహము ఎచ్చట నిలిచియుండెనో తెలియుచున్నది.

18వ శతాబ్దమున ఫ్రెంచి జెసూయిట్ గురువులు పుంగనూరు, కృష్ణాపురము, బళ్లాపురము మొదలగు చోట్ల తెలుగు కన్నడ సీమలలో పనిచేసిరి. కర్ణాటక మిషను అను పేర ఆ శాఖ ప్రసిద్ధి కెక్కినది. వారిలో కూర్దూ గురువు తెలుగు నిఘంటురచనకు పూనుకొనుటయే గాక, సంస్కృత గ్రీకు లాటిను భాషల చుట్టఱికమును 1767 నాటి లేఖలో పారిసు పండితులకు తెలియజేసెను. భాషాశాస్త్రపు పాఠములలో ఈ సంగతి చదువుకొన్నవారికి ఆయన తెలుగునేలపై పనిచేసిన గురువని తెలియకపోవుట కలదు. నేటి తెలుగు కతోలికుల మతభాషలో తమిళపు జాడలు మిగిలియుండుటకు ఈ గురువుల రాకపోకలే ముఖ్యకారణము. తిరుసభ యను మాటలోని తిరు శబ్దము తమిళమే. మరణానంతరము ఆత్మలు శుద్ధి పొందు తావును ఉత్తరించు స్థలమనుటయు తమిళమున వాడుకలో నుండిన పదమునకు ప్రతిరూపమే.

ఇక ఆత్మను గూర్చి. మన వ్యవహారమున ప్రాణము, జీవుడు, ఆత్మ అను మూడు మాటలు ఒకదాని చోట ఒకటి వచ్చుచుండును. వేదాంతమున మాత్రము ఆత్మ పుట్టనిది, చావనిది. అద్వైతులకు అది బ్రహ్మమే. కతోలికులు ఆత్మయని వాడు పదము ఈ వేదాంతార్థముకంటె జీవుడను మాటకే దగ్గఱగా నుండును. వారి మతమున ఆత్మకు ఆది కలదు, అంతము లేదు. అది దేవుని అంశము కాదు, దేవుని సృష్టి. తల్లిదండ్రులు శరీరమునకు కారకులు. ఆత్మను మాత్రము ప్రతి శిశువునకును దేవుడు స్వయముగా, అప్పటికప్పుడు సృజించును. 1950లో 12వ పియస్ పోపుగారు వెలువరించిన లేఖలో, మానవశరీరము పూర్వపు జీవజాతులనుండి పరిణమించినదా యను విషయమును శాస్త్రజ్ఞులు విచారింపవచ్చుననియు, ఆత్మ మాత్రము దేవునిచే నేరుగా సృజింపబడుననియు చెప్పబడినది. పరిణామవాదముతో కతోలికమతమునకు అంతగా ఘర్షణ లేకపోవుటకు ఇదియొక హేతువు.

ఆత్మ శరీరమునకు ముందే యుండెనను అభిప్రాయము క్రైస్తవులలో పుట్టనిదియు కాదు. 3వ శతాబ్దపు అలెగ్జాండ్రియా పండితుడు ఓరిజెను ఆత్మలు ముందుగా సృజింపబడి, పిమ్మట దేహములను పొందెనని ఊహించెను. 543లో కాన్‌స్టాంటినోపులున ఈ పూర్వాస్తిత్వవాదము నిషేధింపబడినది. అప్పటినుండి శరీరమునకు ముందు ఆత్మ లేదనుట సభ యొక్క స్థిరాభిప్రాయమైనది. గతజన్మము లేనప్పుడు గతజన్మపు కర్మమును ఉండదు గదా. పుట్టు శిశువు తాను వేఱొకచోట చేసిన పనికి ఫలము అనుభవింపవచ్చినవాడు కాడు. ఈ మాటను మన పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు జన్మపాపమను మాట వచ్చునప్పుడు దీని అక్కఱ పడును.

శరీరమునకును ఆత్మకును గల సంబంధమును నిర్ణయించినవారు పునీత తోమాసు అక్వినాసుగారు (1225-1274). ఆయన అరిస్టాటిలును అనుసరించి, ఆత్మ దేహమున అద్దెకున్నది కాదు, దేహమును దేహముగా నిలుపునది యని చెప్పెను. మైనమును, దానిపై పడిన ముద్రయు ఒకటేనా వేఱా యని అడుగ నవసరము లేనట్లే యిచటను అడుగ నవసరము లేదని అరిస్టాటిలు చెప్పిన ఉపమానము. 1312 నాటి వియెన్ మహాసభ ఈ సిద్ధాంతమునే సభామతముగా ప్రకటించినది. 1513లో 5వ లాటెరన్ మహాసభ, ప్రతి మనుష్యునకును తన ఆత్మ తనకే యుండుననియు, అది మరణించదనియు తీర్మానించినది. గీతలోని వస్త్రముల ఉపమానము ఎఱిగిన తెలుగువారికి ఈ తీర్మానములలోని తేడా వెంటనే తెలియును. కతోలికుని దృష్టిలో శరీరము ఆత్మకు వస్త్రము కాదు. విడిచి వేఱొకటి కట్టుకొనుటకు వీలులేదు. చనిపోయిన పిమ్మట ఆత్మ యొంటరిగా నుండుట యొక అసంపూర్ణస్థితి. అది తన శరీరముకొఱకే కాచుకొనియుండును. కడపటి దినమున ఉత్థానమునందు ఆ శరీరమే మహిమతో తిరిగి లభించునని వారి విశ్వాసము.

ఈ సిద్ధాంతము శ్మశానమువఱకు వచ్చును. శవదహనమును సభ చిరకాలము నిషేధించి 1963లో అనుమతించినది. అయినను 2016లో రోమునుండి వెలువడిన ఆదేశమున చితాభస్మమును గాలిలోగాని నీటిలోగాని నేలపైగాని చల్లరాదనియు, పవిత్రస్థలమున భద్రపఱుపవలెననియు ఉన్నది. శరీరము ఒక చెఱసాల యనియు, మరణము ప్రకృతిలో కలియుట లేక జన్మచక్రములో ఒక మలుపనియు భావము కలుగకుండుటకే యీ కట్టడి యని ఆ ఆదేశమే కారణము చెప్పినది. గోదావరిలోనో కావేరిలోనో అస్థినిమజ్జనము చేయు కుటుంబములతో వియ్యమందిన కతోలిక గృహములలో ఈ విషయమై మాటపట్టింపులు వచ్చుట సహజము. అవి కేవలము ఆచారపు తగవులు కావు. రెండు ఆత్మసిద్ధాంతములు ఒకే యింటిలో ఎదురుపడుట యని గ్రహించినచో ఇరుపక్షములకును కొంత ఓర్పు కలుగవచ్చును.

రెండవ పుట్టుక యను మాటకు మూలము యోహాను సువార్త 3వ అధ్యాయము. నికోదేము అను యూదుపెద్ద రాత్రివేళ యేసునొద్దకు వచ్చును. మనుష్యుడు మఱల పుట్టిననే గాని దేవుని రాజ్యమును చూడజాలడని యేసు చెప్పగా, ముసలివాడు తల్లిగర్భమున తిరిగి ప్రవేశించుట యెట్లని ఆతడు విస్తుపోవును. నీటివలనను ఆత్మవలనను కలుగు పుట్టుకను గూర్చి చెప్పుచున్నానని యేసు సమాధానము. ఇచట గ్రీకు మూలమున అనోథెన్ అను పదమున్నది. దానికి మఱల యనియు, పైనుండి యనియు రెండర్థములు గలవు. నికోదేము మొదటి యర్థమును పట్టుకొనెను. యేసు రెండవదానిని సూచించుచుండెను. లాటినులోనికి తెచ్చునప్పుడు మఱల యను అర్థమొక్కటియే నిలిచినది. శ్లేష చెడినది. శ్లేషకావ్యములను అనువదింప యత్నించినవారికి ఈ కష్టము తెలియనిది కాదు. పౌలు పేర తీతునకు వ్రాయబడిన లేఖలో పాలింగెనెసియా యను వేఱొక పదము ఈ స్నానమునకే వాడబడినది. అదే మాటను గ్రీకు తత్త్వవేత్తలు కొందఱు ఆత్మలు మఱిమఱి దేహములు ధరించుటకును వాడిరి. కావున పునర్జన్మశబ్దమునుగూర్చిన గందరగోళము తెలుగునేలపై పుట్టినది కాదు. ఆ సిద్ధాంతము పుట్టిననాడే దానితో కూడ పుట్టినది.

పుట్టిన శిశువు మఱల ఎందుకు పుట్టవలెను? జన్మపాపమే దీనికి కతోలికుల సమాధానము. ఆదాము చేసిన అవిధేయతవలన మానవజాతి దేవునితోడి సఖ్యమును కోల్పోయినది. ఆ లేమితో ప్రతి శిశువును పుట్టుచున్నాడు. ఇది శిశువు చేసిన తప్పు కాదు. ఆస్తి యంతయు పోగొట్టుకొనిన తాతకు మనుమడుగా పుట్టినవాని స్థితివంటిది. మనుమడు జూదమాడలేదు. అయినను ఇల్లు లేదు. కర్మసిద్ధాంతమున ఎవని ఫలము వానిది. ఇచట మాత్రము ఫలము వంశమంతటిది. రెండింటిలో ఏది న్యాయమను చర్చకు అంతులేదు. జన్మపాపమును పూర్వజన్మపాపముగా అనువదించుకొనుట మాత్రము సిద్ధాంతమునే తలక్రిందులు చేయును.

ఈ సిద్ధాంతమునకు రూపమిచ్చినవారిలో ముఖ్యులు ఉత్తరాఫ్రికాకు చెందిన పునీత అగుస్తీనుగారు (354-430). ఆయన బాల్యమున తల్లి మోనికమ్మ క్రైస్తవురాలైనను కుమారునకు స్నానము చేయింపలేదు. ఒకమాఱు జబ్బుచేసి ప్రాణముమీదికి రాగా ఏర్పాటు జరిగి, జబ్బు తగ్గగానే ఆగిపోయినది. ఆనాటి ఆచారమట్లుండెను. జ్ఞానస్నానము పూర్వపాపములన్నిటిని కడుగును. అది ఒక్కమాఱే దొరకును. కావున యౌవనపు తప్పులు గడచిన పిమ్మట పొందుట మేలని జనులు వాయిదా వేయుచుండిరి. కాన్‌స్టాంటైను చక్రవర్తి 337లో మరణశయ్యపై స్నానము పొందెను. మిలాను నగరప్రజలు అంబ్రోజుగారిని 374లో మేత్రాణులుగా ఎన్నుకొనునప్పటికి ఆయనకు జ్ఞానస్నానమే కాలేదు. ఆ అంబ్రోజుగారి చేతులమీదుగానే 387వ సంవత్సరపు ఉత్థానపండుగ రాత్రి అగుస్తీను, ఆయన పదునైదేండ్ల కుమారుడు, ఒక మిత్రుడు కలిసి నీటిలోనికి దిగిరి. పెలాజియసు అనువాడు మనుష్యుడు తన సంకల్పబలముచేతనే పాపరహితుడుగా నుండగలడని వాదింపగా, అగుస్తీను ఎదిరించెను. 418లో కార్తేజి సభ అగుస్తీను పక్షము వహించినది. అటుపిమ్మట శిశువులకు ఆలస్యము చేయక స్నానమిచ్చుట సర్వత్ర ఆచారమైనది. 1546, 1547 సంవత్సరములలో ట్రెంటు మహాసభ దీనిని ధ్రువపఱచినది.

సంస్కారపు తంతు 1969లో సవరింపబడి దేశభాషలలోనికి వచ్చినది. అంతకుముందు ముఖ్యభాగములు లాటినున జరుగుచుండెను. గురువు దేవాలయద్వారముకడ తల్లిదండ్రులను బిడ్డకేమి పేరు పెట్టితిరని అడుగును. పేరు పునీతులదే కానక్కఱలేదు. 1983 నాటి సభాధర్మశాస్త్రము క్రైస్తవభావమునకు విరుద్ధము కాని పేరు చాలునన్నది. కావున తెలుగు పేరు పెట్టుకొనుటకు అడ్డు లేదు. బిడ్డ నుదుట సిలువగుర్తు వేయుదురు. రొమ్మున తైలమంటుదురు. పిశాచమును విసర్జించితిమని తల్లిదండ్రులును, జ్ఞానతల్లిదండ్రులును మాట యిత్తురు. పిమ్మట తలపై ముమ్మాఱు నీరు పోయుచు పిత, పుత్ర, పవిత్రాత్మల పేర గురువు మంత్రము పలుకును. నడినెత్తిన పరిమళతైలము, తెల్లని వస్త్రము, ఉత్థానపు దీపమునుండి వెలిగించిన క్రొవ్వొత్తి తరువాత వచ్చును. ఇచటి వస్త్రము గీతలోని వస్త్రము వంటిది కాదు. శరీరమునకు గాదు, క్రీస్తునకు అది గుర్తు. పూర్వపు స్నానాలయములు పెక్కింటికి ఎనిమిది కోణము లుండెడివి. రోములోని లాటెరను స్నానాలయము అట్టిదే. వారమునకు ఏడు దినములు పోగా ఎనిమిదవ దినము క్రొత్త సృష్టికి ఆరంభమని దాని భావము.

ఈ తంతులో లేకున్న కుదరనివి రెండే: నీరు, మాట. తక్కినవి లేకున్నను స్నానము చెల్లును. ప్రాణాపాయసమయమున ఎవరైనను ఈయవచ్చును. మంత్రసాని గాని, నర్సు గాని, క్రైస్తవుడే కానివాడు గాని సభ ఉద్దేశించిన దానినే చేయుచున్నానను తలంపుతో నీరు పోసి మాట పలికిన చాలును. ఇచ్చువాని యోగ్యతతో పని లేదు. స్నానమిచ్చువాడు నిజమునకు క్రీస్తే యని అగుస్తీను డోనటిస్టులతో వాదించి స్థాపించిన సూత్రమిది. అందుచేతనే ప్రొటెస్టెంటు సంఘములలో నీటితో త్రిత్వనామమున స్నానము పొందినవాడు కతోలికుడైనచో మఱల స్నానమీయరు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ యొడ్డున బాప్టిస్టు మిషనువారు ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. వారిలో ఎవరైనను రోముసభలో చేరియున్నచో ఆనాటి మునక చెల్లునదియే. బాప్టిస్టులు మాత్రము శిశుస్నానము నంగీకరింపరు. ఎదిగి విశ్వసించినవాడే మునుగవలెనందురు. ఒక వంక గుర్తింపు, ఒక వంక నిరాకరణము. మతాంతరవివాహములలో ఈ విషమత్వము బాధ కలిగించుట కలదు.

మాటవిషయమున సభ యెంత పట్టుదలతో నుండునో 2020లో లోకమునకు తెలిసివచ్చినది. కొందఱు గురువులు సమాజభావము కలుగవలెనని, నేను నీకు స్నానమిచ్చుచున్నాననుటకు బదులు మేము అని మార్చి పలుకుచుండిరి. ఆ స్నానములు చెల్లవని ఆ ఏటి ఆగస్టులో రోమునుండి తీర్పు వచ్చినది. అమెరికాలోని డెట్రాయిటు మేత్రాసనమున ఒక గురువు తన శైశవపు వీడియోను చూచుకొని, తనకు స్నానమిచ్చిన డీకను మేము అని పలికియుండుటను కనుగొనెను. ఆయన క్రైస్తవుడు కానట్లైనది. కావున గురువును కాడు. ఆయనకు మొదటినుండి సంస్కారములన్నియు జరుపవలసివచ్చినది. తెలుగున మేము, మనము అని రెండు బహువచనము లున్నవి. ఒకటి వినువానిని వెలివేయును, రెండవది కలుపుకొనును. రెండును ఇచట పనికిరావు. పలుకువాడు తన పేర గాని, సమాజము పేర గాని పలుకుట లేదు. ఆ నేను అను మాట క్రీస్తుదని సిద్ధాంతము. ఒక్క సర్వనామము తప్పినందుకు ఇంత కఠినమా యని తోచవచ్చును. వేదస్వరము తప్పినచో మంత్రము విపరీతఫలమిచ్చునని నమ్మిన దేశమున దీనిని నవ్వుటకు వీలులేదు.

ఈ స్నానము ఆత్మపై చెరగని ముద్ర వేయునని కతోలికుల నమ్మకము. మఱల పుట్టినవాడు పుట్టనివాడు కాజాలడు. ఈ విశ్వాసమునకు గల కఠోరమైన అంచు 1858లో బొలోన్యా నగరమున కనబడినది. అది అప్పుడు పోపుగారి రాజ్యములో నుండెను. ఎద్గార్దో మోర్తారా అను ఆఱేండ్ల యూదుబాలుడు శిశువుగా జబ్బుపడియున్నప్పుడు ఇంటిలోని కతోలిక పనిపిల్ల, చనిపోవునేమో యని భయపడి, రహస్యముగా స్నానమిచ్చితినని చెప్పెను. క్రైస్తవశిశువు యూదుగృహమున పెరుగరాదని నాటి చట్టము. రక్షకభటులు వచ్చి బాలుని తల్లిదండ్రుల చేతులనుండి తీసికొనిపోయిరి. ఐరోపా రాజులు, పత్రికలు ఎంత మొఱపెట్టినను 9వ పియస్ పోపుగారు తిరిగి యీయలేదు. ఆ బాలుడు పెరిగి గురువై 1940లో బెల్జియమున మరణించెను. ఆ పనిపిల్ల చేసినది బిడ్డయందలి కనికరముతోనే. నీరు, మాట చెల్లినవనియే యనుకొన్నను, తల్లి ఒడినుండి బిడ్డను లాగుకొనుటకు ఆ రెండవ పుట్టుకను ఆధారము చేసికొనుట మొదటి పుట్టుకకు చేసిన ద్రోహము. 1965లో 2వ వాటికను మహాసభ మతవిషయమున నిర్బంధము తగదని ప్రకటించినది. నేటి ధర్మశాస్త్రము ప్రకారము తల్లిదండ్రులలో ఒకరి సమ్మతియైన లేక శిశువునకు స్నానమీయరాదు. ప్రాణాపాయమున మాత్రము సమ్మతి లేకున్నను ఈయవచ్చునను వాక్యము అందు ఇంకను నిలిచియున్నది.

మఱియొక తల్లుల దుఃఖమును ఇందు చేరియున్నది. స్నానము కాకముందే కన్నుమూసిన పసిబిడ్డల గతి యేమి? అగుస్తీను వారికి అతిస్వల్పమైనదైనను శిక్ష తప్పదనెను. మధ్యయుగపు పండితులు మనసొప్పక లింబో అను ఒక ఎడగాణి స్థలమును కల్పించిరి. అందు దుఃఖము లేదు, దేవదర్శనమును లేదు. పూర్వము కొన్ని దేశములలో అట్టి శిశువులను పవిత్రభూమిలో పూడ్చనీయక పొలిమేరలో పూడ్చుచుండిరి. లింబో ఎన్నడును సభయొక్క విధిసిద్ధాంతము కాలేదు. పాఠశాలలలో చెప్పబడిన ఊహగానే నిలిచినది. 1992 నాటి సత్యోపదేశ గ్రంథము ఆ శిశువులను దేవుని కరుణకు అప్పగించుచున్నామన్నది. 2007లో అంతర్జాతీయ దైవశాస్త్ర సంఘము, వారు రక్షణ పొందుదురని ఆశించుటకు తగిన హేతువులు కలవని విపులముగా వ్రాసినది. ఇది నిశ్చయము కాదు, ఆశ. ఐనను పదునాఱు శతాబ్దముల తరువాత ఆ తల్లులకు వచ్చిన సమాధానము. సత్యమును వెదకుచు సభను ఎఱుగక చనిపోయినవారికిని రక్షణ కలుగవచ్చునని 1964లోనే మహాసభ చెప్పియుండెను.

మొదట చెప్పిన ద్విజశబ్దముతో పోలిక ఇచటితో కొంత తెగును. ఉపనయనమునకు వర్ణనియమము కలదు, వాడుకలో పురుషులకే పరిమితమైనది. జ్ఞానస్నానమునకు కులము, లింగము, వయస్సు అను నియమము లేదు. యూదుడు, గ్రీకువాడు, దాసుడు, స్వతంత్రుడు అను భేదము ఆ నీటిలో కరగునని పౌలు బోధ. బోధ యట్లుండగా ఆచరణ వేఱుగా నడచినది. తిరునెల్వేలి ప్రాంతపు వడక్కన్‌కుళము దేవాలయము 19వ శతాబ్దమున రెండు కులములవారు వేర్వేఱుగా కూర్చుండునట్లు రెండు శాఖలుగా కట్టబడినది. నడిమి అడ్డు 1910లో తొలగింపబడినది. శ్మశానములలోని అడ్డుగోడలు కొన్నిచోట్ల అటుపిమ్మటను నిలిచినవి. పరంగి కులములో చేరుదువా యని దుబాసీలు అడిగిన తప్పుడు ప్రశ్న ఒకటి. ఏ కులము విడువనక్కఱలేదను ది నొబిలి సమాధానము మఱియొకటి. రెండవది మొదటిదానికంటె మేలైనదే. కాని ఆ సౌలభ్యమునకు చెల్లింపవలసిన వెల తరువాతి తరములవారు చెల్లించిరి.

స్నానము జరిగిన పిమ్మట విచారణ గురువు పుస్తకమున ఒక పంక్తి వ్రాయును. శిశువు పేరు, తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు, పుట్టిన తేదీ, స్నానమైన తేదీ, ఇచ్చినవాని పేరు. మార్జినులో తరువాత వివాహము వ్రాయుదురు, గురుపట్టము వ్రాయుదురు. పూర్వపు కతోలిక విచారణలలోని యీ పుస్తకములు వలస వచ్చిన కుటుంబముల ఇంటిపేర్లు, ఊళ్లు, వియ్యములు తెలిసికొనగోరు పరిశోధకునకు ఎంతయు ఉపకరించునవి. వానిని కాపాడుకొనవలసిన బాధ్యత ఆయా సమాజములపై నున్నది. ఎవడైన సభను విడిచిపోయినచో ఆ సంగతియు అదే మార్జినులో వ్రాయుదురు. స్నానపు పంక్తిని మాత్రము కొట్టివేయరు. అతడు తిరిగివచ్చినచో పాపసంకీర్తనము చేయింతురే గాని మఱల నీరు పోయరు.